విరిగిన సూదికి లెక్కుంది

కొన్నేళ్ళు ఎగుమతి బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో మర్చండైజర్‌గా పనిచేశాను. బట్టలు కొనే విదేశీ కంపెనీ, అంటే బయ్యర్, నుంచి వచ్చే మెయిళ్ళకు జవాబులిస్తూ, వాళ్ళడిగింది ఫ్లోర్ మీద చేయిస్తూ, అటూ ఇటూ ఇద్దరి చేతా మాటలు పడే ఉద్యోగం అది. అక్కడ నాకు బాగా గుర్తుండిపోయిన వస్తువు ఒక రిజిస్టర్. లైనుకొకటి ఉండేది. విరిగిన సూదుల రిజిస్టర్.

మిషన్ మీద సూది విరిగిందంటే టైలర్ వెంటనే పని ఆపి చెయ్యెత్తాలి. సూపర్‌వైజర్ వచ్చి ముక్కలు ఏరి, రిజిస్టర్ పేజీ మీద టేపుతో అంటించి, పక్కన తేదీ, టైము, మిషన్ నంబరు, టైలర్ పేరు రాసి సంతకం పెట్టాలి. అంటించిన ముక్కలన్నీ కలిపి చూస్తే నిండు సూది అవ్వాలి. మిరియపు గింజంత ముక్క తగ్గినా అయస్కాంతం పట్టుకుని మిషన్ కిందంతా గాలించాలి. అప్పటికీ దొరక్కపోతే ఆ చుట్టుపక్కల కుట్టిన పీసులన్నీ పక్కకి తీసేయాలి. ఇంత చేశాక కూడా, ప్యాకింగ్‌కి పోయే ముందు ప్రతి బట్టా మెటల్ డిటెక్టర్ కిందుగా పోవాల్సిందే.

అదే ఫ్లోర్‌కి వెనకవైపు ఇంకో మెట్లదారి ఉండేది. దాని తలుపుకి ఎప్పుడూ తాళమే. సరుకు దొంగతనంగా బయటికి పోతుందని చెప్పేవాళ్ళు. తాళంచెవి ఏ షిఫ్టులో ఎవరి దగ్గరుందో రాసిపెట్టే రిజిస్టర్ మాత్రం లేదు. బయ్యర్ తరఫు తనిఖీ, అదే ఆడిట్, ఎప్పుడో ముందే కబురొచ్చేది కాబట్టి ఆ రోజుకి తాళం తీసి, తలుపుకి అడ్డంగా పేర్చిన అట్టపెట్టెలు తీయించి, నేల మీద బాణం గుర్తులకు మళ్ళీ రంగు కొట్టించేవాళ్ళు. ఆడిటర్ వెళ్ళిన మర్నాటికి పెట్టెలు వాటి చోటికవి వచ్చేసేవి. నాకిది తెలుసు. ఫ్లోర్ మీద తెలియనివాళ్ళు లేరు.

సూది ముక్కకి ఇంత మర్యాదేమిటని మా క్వాలిటీ మేనేజర్‌ని ఒకసారి అడిగాను. “ఆ ముక్క చంటిపిల్ల గౌనులో ఉండిపోయి గుచ్చుకుందనుకో, వాళ్ళ అమ్మానాన్నలు అక్కడి కోర్టుకెళ్తారు. అప్పుడు బయ్యర్ జేబు ఖాళీ,” అన్నాడాయన. మరి తలుపు సంగతేంటని నేను అడగలేదు. జవాబు ఆయన మాటలోనే ఉంది. ఆ తలుపు వెనక ఎవరైనా ఊపిరాడక పోతే, బయ్యర్ దేశంలో కోర్టు మెట్లెక్కే అమ్మానాన్నలు లేరు.

బహుళజాతి కంపెనీలను పరాయి దేశాల్లో జరిగే అన్యాయాలకు బాధ్యుల్ని చేయడం గురించి నాకున్న అభిప్రాయమంతా ఆ సూదికీ ఆ తలుపుకీ మధ్య పుట్టింది. “సరఫరా గొలుసు చాలా పొడుగు, చిట్టచివర ఏ కాంట్రాక్టరు ఏం చేస్తున్నాడో మాకెలా తెలుస్తుంది?” అని కంపెనీలు అన్నప్పుడల్లా నాకు రిజిస్టర్ పేజీలు కళ్ళ ముందు ఆడతాయి. రంగు ఒక్క ఛాయ తేలిపోతే లాట్ మొత్తం వెనక్కి కొట్టేవాళ్ళు. బొత్తాం ఎంత బలంతో లాగితే ఊడాలో, పెట్టె అట్ట ఎంత మందం ఉండాలో కాగితం మీద రాసి పంపేవాళ్ళు. వాళ్ళ లోగో వేసిన దొంగ సరుకు ఏ మూల సందులో అమ్ముడైనా పట్టుకునే లాయర్లు వాళ్ళకున్నారు. అంత దూరం చూడగలిగే కంటికి తాళం వేసిన తలుపు ఆనకపోవడం చిత్రం.

2013 ఏప్రిల్ 23న బంగ్లాదేశ్‌లో, ఢాకా దగ్గరి సావార్‌లో, రాణా ప్లాజా అనే ఎనిమిదంతస్తుల భవనం గోడలు బీటలిచ్చాయి. అందులో ఒక బ్యాంకు శాఖ ఉంది. వాళ్ళు తమ ఉద్యోగుల్ని ఇంటికి పంపేశారు. పై అంతస్తుల్లో ఉన్న అయిదు బట్టల ఫ్యాక్టరీల కార్మికుల్ని మాత్రం మర్నాడు పొద్దున్నే లోపలికి తోలారు. రానంటే జీతం ఆపేస్తామన్నారు. తొమ్మిది కాకముందే భవనం కుప్పకూలింది. 1,134 మంది చనిపోయారు. ఒకే గోడ మీద ఒకే బీట చూసి బ్యాంకు తలుపులు మూసుకుంది, ఫ్యాక్టరీలు తెరిచాయి. ఫ్యాక్టరీ యజమానుల దురాశ అంటారా, ఉంది, కాదనను. కానీ షిప్‌మెంట్ ఒక్క రోజు ఆలస్యమైతే బిల్లులో కోత పెడతారనో, సొంత ఖర్చుతో విమానంలో పంపమంటారనో భయపడే యజమానిని నేను దగ్గర్నుంచి చూశాను. ఆ భయం పుట్టేది ఫ్యాక్టరీలో కాదు.

ఆ ఫ్యాక్టరీల్లో ఆడిట్లు జరగలేదా అంటే, జరిగాయి. అంతకు ముందు ఏడాది, 2012 సెప్టెంబరులో, పాకిస్తాన్‌లోని కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే ఫ్యాక్టరీ కాలిపోయి 250 మందికి పైగా చనిపోయారు. కిటికీలకు ఇనుప ఊచలు, దారులకు తాళాలు. ఆ ఫ్యాక్టరీకి కొద్ది వారాల ముందే అంతర్జాతీయంగా పేరున్న ఎస్ఏ 8000 అనే సర్టిఫికెట్ వచ్చింది, కార్మికుల్ని సక్రమంగా చూసుకుంటున్నారని. ఇచ్చింది ఇటలీకి చెందిన తనిఖీ సంస్థ. నిప్పు పెట్టింది మామూళ్ళ కోసం బెదిరించిన ముఠా మనుషులని తర్వాత 2020లో కరాచీ కోర్టు తేల్చి ఇద్దరికి మరణశిక్ష వేసింది. ఈ సంగతి దాచిపెట్టి వాదించడం నాకిష్టం లేదు. అయితే నిప్పు పెట్టినవాడు ఎవడైనా, బయటపడే దారి ఉంటే అంతమంది చనిపోయేవాళ్ళు కాదు కదా. దారి ఉందని సర్టిఫికెట్ చెప్పింది.

ఆడిట్ అనేది ఎలా నడుస్తుందో లోపలి నుంచి చూసినవాడిగా ఒక్క మాట. ఆడిటర్లలో మంచివాళ్ళు లేకపోలేదు. ఒకాయన క్యాంటీన్‌లో ఆడవాళ్ళ పక్కన కూర్చుని తింటూ మాట్లాడించేవాడు, మా మేనేజర్‌కి ఆయనంటే హడలు. కానీ ఆడిట్ ఫీజు తరచూ ఫ్యాక్టరీయే కడుతుంది. రిపోర్టు బయ్యర్‌కి వెళ్తుంది, కార్మికుడి చేతికి రాదు. హాజరు పుస్తకాలు రెండు ఉంటాయి, ఒకటి చూపించడానికి, ఒకటి జీతాలు లెక్కకట్టడానికి. ఆదివారం పనిచేశారా అంటే లేదనాలని ముందు రోజు సాయంత్రం అందర్నీ నిలబెట్టి నేర్పిస్తారు. కొత్తగా చేరిన ఒకమ్మాయి అయోమయంలో, ఏమీ అడగకముందే “ఆదివారం రాలేదండీ” అనేసింది. అందరం నవ్వాం. ఇప్పుడు తల్చుకుంటే ఆ నవ్వు ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఇక కోర్టుల సంగతి. ఈ కథ మొదలుపెట్టాల్సింది భోపాల్ నుంచే. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక విషవాయువు వదిలిన ఆ ప్లాంటు యూనియన్ కార్బైడ్ ఇండియాది. అందులో అమెరికా మాతృసంస్థ వాటా 50.9 శాతం. కేసులు న్యూయార్క్ కోర్టులో పడ్డాయి. అప్పుడు జరిగిన వాదన తలకిందుల నాటకం. మా కోర్టులకు ఇంత పెద్ద కేసు తేల్చే శక్తి లేదు, మీరే విచారించండని భారత ప్రభుత్వం అమెరికా జడ్జిని వేడుకుంది. అబ్బే, భారత న్యాయవ్యవస్థ ఎంతో సమర్థమైనదని అమెరికన్ కంపెనీ లాయర్లు కితాబిచ్చారు. 1986లో జడ్జి జాన్ కీనన్ కంపెనీ మాటే విని కేసును భారతదేశానికి పంపేశాడు. తీరా భోపాల్ క్రిమినల్ కోర్టు పిలిచేసరికి, ఆ కోర్టుల్ని అంతగా మెచ్చుకున్న కంపెనీ గుమ్మం తొక్కలేదు. 1992లో మాతృసంస్థనీ దాని మాజీ అధిపతి వారెన్ ఆండర్సన్‌నీ పరారీలో ఉన్నవాళ్ళుగా ప్రకటించారు. ఆయన 2014లో అమెరికాలోనే కాలం చేశాడు. పరిహారం 1989లో 47 కోట్ల డాలర్లకి తెగింది. 2010లో ఏడుగురు భారతీయ అధికారులకు రెండేళ్ళ జైలుశిక్ష పడింది. ఇంకొంత పరిహారం ఇప్పించమన్న అర్జీని సుప్రీంకోర్టు 2023 మార్చిలో కొట్టేసింది.

మాతృసంస్థ వేరు, అనుబంధ సంస్థ వేరు, చట్టం దృష్టిలో ఇద్దరూ వేర్వేరు మనుషులనే సూత్రం మీదే ఇదంతా నడుస్తుంది. వ్యాపారానికి ఆ సూత్రం అవసరమే. పొరుగూళ్ళో పెట్టిన పెట్టుబడి మునిగితే ఇల్లూ వాకిలీ జప్తు కాకూడదు. కానీ ఇక్కడ జరిగేది, పంట ఇంటికొచ్చేటప్పుడు ఉమ్మడి కుటుంబం, అప్పులవాడు గుమ్మంలో నిలబడ్డప్పుడు ఏనాడో వేరుపడ్డ అన్నదమ్ములు. బాధ్యత అనేది వాటాల కాగితం వెంట నడవాలా, పెత్తనం వెంట నడవాలా? పెత్తనం వెంటే అంటాను నేను. సూది ముక్క దాకా పెత్తనం చేసినవాడికి బాధ్యత కూడా అంతవరకూ ఉండాలి.

అమెరికాలో కొంతకాలం ఒక కిటికీ తెరుచుకుంది. 1789 నాటి ఒక్క వాక్యం చట్టం, ఏలియన్ టార్ట్ స్టాట్యూట్, అంతర్జాతీయ న్యాయాన్ని ఉల్లంఘించిన కేసుల్లో విదేశీయులు అమెరికా కోర్టుల్లో దావా వేయొచ్చంటుంది. రెండు శతాబ్దాలు దాదాపు మూలపడి ఉన్న దాన్ని 1980 తర్వాత మానవ హక్కుల లాయర్లు బయటికి తీశారు. పైపులైన్ కోసం సైన్యం వెట్టిచాకిరీ చేయించిందని బర్మా గ్రామస్థులు అమెరికన్ చమురు కంపెనీ యునోకాల్ మీద వేసిన కేసు 2005లో రాజీ అయింది. నైజీరియా సైనిక ప్రభుత్వం 1995లో ఉరితీసిన రచయిత కెన్ సారో-వివా కుటుంబమూ మరికొందరూ చమురు కంపెనీ షెల్ మీద వేసిన కేసు 2009లో కోటీ 55 లక్షల డాలర్లకి రాజీ అయింది, తప్పు ఒప్పుకోకుండానే. ఆ తర్వాత కిటికీ మూయడం మొదలుపెట్టారు. 2013 ఏప్రిల్ 17న కియోబెల్ అనే కేసులో, అమెరికాతో గట్టి సంబంధం లేని సంగతులకు ఈ చట్టం వర్తించదని సుప్రీంకోర్టు చెప్పింది. సరిగ్గా వారానికి రాణా ప్లాజా కూలింది. 2018లో విదేశీ కంపెనీల మీద ఈ చట్టం కింద దావా చెల్లదన్నారు. ఐవరీ కోస్ట్ కోకో తోటల్లో పసితనంలో బానిసలుగా పనిచేశామంటూ మాలీ దేశస్థులు ఆరుగురు నెస్లే, కార్గిల్ మీద 2005లో వేసిన కేసు 2021లో వీగిపోయింది. కంపెనీ పెద్దలు అమెరికాలో కూర్చుని మామూలు వ్యాపార నిర్ణయాలు తీసుకున్నంత మాత్రాన సరిపోదన్నది తీర్పు. దావా వేసినవాళ్ళ యవ్వనం పదహారేళ్ళూ అందులోనే కరిగిపోయింది.

బ్రిటన్ దారి వేరు. జాంబియాలో రాగి గని కాలుష్యం నీళ్ళలో కలిసిందని 1,826 మంది గ్రామస్థులు లండన్ కోర్టుకెక్కారు. ప్రతివాది వేదాంత, భారతీయ మూలాలున్న కంపెనీ. (పడమటి వాళ్ళు దుర్మార్గులు, మిగతా ప్రపంచం బాధితులు అనే లెక్కతో ఈ విషయంలోకి వచ్చినవాళ్ళు ఇక్కడ కాస్త ఆగాలి.) 2019 ఏప్రిల్‌లో యూకే సుప్రీంకోర్టు కేసు లండన్‌లోనే నడవొచ్చంది. నాకు ముచ్చటేసింది దాని కారణాల్లో ఒకటి. మా అనుబంధ సంస్థలన్నిటా పర్యావరణ ప్రమాణాలు మేమే పర్యవేక్షిస్తున్నామని మాతృసంస్థ తన రిపోర్టుల్లో గొప్పగా రాసుకుంది. అలా రాసుకున్నవాళ్ళకు బాధ్యత ఉందని వాదించడానికి వీలుందని కోర్టు ఆ రాతల్నే చేతిలోకి తీసుకుంది. నిగనిగలాడే ఆ పుస్తకాలు ఇన్నాళ్ళకు ఒక పనికొచ్చాయి. కేసు తీర్పుదాకా పోలేదు, తర్వాత రాజీ అయింది. నైజీరియాలోని నైజర్ డెల్టా వాసులు షెల్ మీద వేసిన కేసులో 2021లో అదే కోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. కంపెనీ లోపలి పత్రాలు బయటికి రాకముందే మొదట్లోనే కేసు కొట్టేయడం తప్పంది. ఈ పత్రాల మాట దగ్గరికి మళ్ళీ వస్తాను.

కరాచీ బాధితుల కథ ఇందుకు రెండో వైపు. ఆ ఫ్యాక్టరీకి పెద్ద బయ్యరైన జర్మన్ కంపెనీ కిక్ మీద నలుగురు డోర్ట్‌మండ్ కోర్టులో దావా వేశారు. 2019 జనవరిలో కోర్టు దాన్ని తోసిపుచ్చింది. గడువు దాటిపోయిందట, అది కూడా పాకిస్తాన్ చట్టం లెక్కన. అంతకు ముందు 2016లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మధ్యవర్తిత్వంతో ఆ కంపెనీ 51.5 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్న మాటా చెప్పాలి. రాణా ప్లాజా నిధిలో 3 కోట్ల డాలర్లు పోగవడానికి రెండేళ్ళు పట్టింది. దాన్ని చందాలు వసూలు చేసినట్టు వసూలు చేశారు. ఎవరి వాటా ఎంతో తేల్చే కోర్టు లేనప్పుడు పరిహారం దానధర్మం అయిపోతుంది. ఇచ్చినవాడికి దండం పెట్టాలి కూడా.

పెట్టుబడిదారుకి ఈ తిప్పలు లేవు. ఒక దేశ ప్రభుత్వం తన పెట్టుబడికి నష్టం చేసిందనుకుంటే, ఒప్పందం ఉన్నచోట విదేశీ కంపెనీ ఆ ప్రభుత్వాన్నే నేరుగా అంతర్జాతీయ ట్రిబ్యునల్‌కి లాగొచ్చు. ఇందుకోసం ప్రపంచ బ్యాంకు ఛాయలో 1966 నుంచి ఒక కేంద్రమే పనిచేస్తోంది. సిగరెట్ పెట్టెల మీద హెచ్చరిక పెద్దది చేసినందుకు ఉరుగ్వే మీద ఫిలిప్ మోరిస్ 2010లో కేసు వేసింది. ఉరుగ్వే గెలిచింది, ఆరేళ్ళకి. సరిహద్దు దాటి న్యాయం చేయడం కుదరని పని అని ఎవరైనా అంటే, కుదిరిందిగా, ఎవరికి కావాలో వాళ్ళకి కుదిరింది. కార్మికుడికి అలాంటి గుమ్మం ఒకటి ఉండాలని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలిలో ఈక్వడార్, దక్షిణాఫ్రికా 2014లో తీర్మానం నెగ్గించాయి. ఒప్పందం ముసాయిదాల మీద ముసాయిదాలుగా సాగుతూనే ఉంది. అదే ఐక్యరాజ్యసమితి 2011లో ఆమోదించిన మార్గదర్శక సూత్రాలు మంచివే, మాటలు బాగున్నాయి. అవి పాటించకపోతే ఏమవుతుందో అందులో లేదు.

ఎదుటి వాదనల్లో నేను గౌరవించేది ఒకటుంది. ఎక్కువ కట్టుదిట్టం చేస్తే కంపెనీలు పెట్టే బేడా సర్దుకుని ఇంకో దేశం పోతాయి, దెబ్బ తినేది కార్మికులే అని. ఇది ఉత్త బెదిరింపు కాదు. బాలకార్మికులు చేసిన సరుకును నిషేధించాలని 1990ల మొదట్లో అమెరికన్ సెనేట్‌లో హార్కిన్ బిల్లు వచ్చింది. బిల్లు నెగ్గనేలేదు. ఆ భయానికే బంగ్లాదేశ్ ఫ్యాక్టరీలు పిల్లల్ని వెళ్ళగొట్టాయి, యూనిసెఫ్ అంచనా 50,000 మందిని. వాళ్ళు బడికి పోలేదు. కొందరు రాళ్ళు కొట్టే పనికి, కొందరు అంతకన్నా హీనమైన చోట్లకి పోయారు. 1995లో యూనిసెఫ్, అంతర్జాతీయ కార్మిక సంస్థ, అక్కడి ఎగుమతిదారుల సంఘం కలిసి ఒప్పందం చేసుకున్నాకే పిల్లలకు బడి, కొంత భృతి ఏర్పాటయ్యాయి. కాబట్టి “కొనకండి” అనే నినాదం నాకు నచ్చదు. తప్పు బయటపడగానే ఆర్డర్ రద్దు చేసి చేతులు దులుపుకోవడం శిక్షే, ఫ్లోర్ మీదున్నవాళ్ళకి. కొంటూనే బాగుచేయాలి, బాగుచేయకపోతే కోర్టులో జవాబు చెప్పాలి.

అది జరగని పనా? రాణా ప్లాజా కూలిన కొన్ని వారాలకే బంగ్లాదేశ్ అకార్డ్ అనే భద్రతా ఒప్పందం మీద సంతకాలయ్యాయి. కంపెనీలతో పాటు ఇండస్ట్రియాల్, యూఎన్ఐ అనే ప్రపంచ కార్మిక సమాఖ్యలూ సమాన హోదాలో సంతకం చేశాయి. మాట తప్పితే మధ్యవర్తిత్వ తీర్పుకి కట్టుబడాలి, దాన్ని కంపెనీ సొంత దేశంలో అమలు చేయించొచ్చు. మరమ్మతులకు డబ్బు సమకూరేలా చూడాలి, మొదటి రెండేళ్ళూ అక్కడి నుంచి కొనుగోళ్ళు కొనసాగించాలి. తనిఖీ రిపోర్టులు అందరికీ కనబడాలి. 1,600కు పైగా ఫ్యాక్టరీలు తనిఖీ అయ్యాయి. రెండు పెద్ద బ్రాండ్ల మీద సమాఖ్యలు హేగ్‌లోని మధ్యవర్తిత్వ కోర్టులో కేసు వేస్తే రెండూ రాజీకొచ్చాయి, ఒకటి 2018 జనవరిలో 23 లక్షల డాలర్లకి. తలుపులు మారాయి, తాళాలు పోయాయి. ఇరవయ్యేళ్ళ ఆడిట్లు చేయలేనిది ఒక్క అమలయ్యే సంతకం చేసింది.

చట్టాలూ కదిలాయి. ఫ్రాన్స్ 2017 మార్చిలో పెద్ద కంపెనీలకు జాగరూకత బాధ్యత (తమ సరఫరా గొలుసులో జరిగే హానిని ముందే కనిపెట్టి ఆపే బాధ్యత) పెట్టింది, ప్రణాళిక రాయకపోయినా పాటించకపోయినా కోర్టుకి లాగొచ్చు. అలాంటి జర్మనీ చట్టం 2023 జనవరిలో అమల్లోకి వచ్చింది. అమెరికా 2022 జూన్ నుంచి చైనాలోని షిన్‌జియాంగ్ సరుకు విషయంలో రుజువు భారాన్నే తిప్పేసింది, వెట్టిచాకిరీతో చేసింది కాదని దిగుమతిదారే నిరూపించుకోవాలి. అందులో రాజకీయం పాలు ఎక్కువే, కానీ భారం తిప్పడం సాధ్యమేనని తేలింది. ఇదే బాటలో యూరోపియన్ యూనియన్ ఆదేశం 2024 జూలైలో అమల్లోకి వచ్చింది. ఆ ఆనందం ఏడాది నిలవలేదు. 2025లో ముందు గడువు వెనక్కి జరిపారు. ఏడాది చివరికల్లా 5,000 మంది ఉద్యోగులు, 150 కోట్ల యూరోల టర్నోవర్ దాటిన కంపెనీలకే పరిమితం చేసి, ఐరోపా అంతటికీ ఒకే పరిహార బాధ్యత అన్న నిబంధనను తీసేయడానికి ఒప్పందం కుదుర్చుకున్నారు. కాగితాల భారం తగ్గించామన్నారు. తీసేసిన ఆ నిబంధనే సూదికుండి తలుపుకి లేనిది.

చట్టం ఎంత గట్టిగా రాసినా రుజువు కావాలి, రుజువులన్నీ కంపెనీ చేతుల్లో ఉంటాయి. అందుకే నైజర్ డెల్టా కేసులో పత్రాల గురించి కోర్టు అన్నది నాకు ముఖ్యంగా తోచింది. నాకు తెలిసిన పత్రాలు రెండున్నాయి. ఒకే బయ్యర్ నుంచి ఒకే వారంలో నాకొచ్చిన మెయిళ్ళు. మొదటిది నిబంధనల అమలు చూసే వాళ్ళ కంప్లయన్స్ విభాగం నుంచి. వారానికి 60 గంటలకు మించి ఎవరి చేతా పనిచేయించరాదు, ఉల్లంఘిస్తే ఆర్డర్లు ఆపేస్తాం. రెండోది కొనుగోళ్ళ విభాగం నుంచి. సేల్ ముందుకు జరిగింది కాబట్టి 40,000 పీసులు మూడు వారాలు ముందే ఓడెక్కాలి, ధరలో మార్పు లేదు. రెండిటి కిందా ఒకే లోగో. ఆ రెండు విభాగాలూ ఒకే బిల్డింగులో వేరే అంతస్తుల్లో ఉంటాయని తర్వాత తెలిసింది. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసే జడ్జి దగ్గర, మాకేం తెలియదన్న మాట అయిదు నిమిషాలు నిలవదు.

ఆ మూడు వారాలూ లైన్లు ఎన్ని గంటలకు ఆగాయో చూపించే పుస్తకం వేరు, అసలు పుస్తకం వేరు. సూదుల రిజిస్టర్ మాత్రం ఒక్కటే. రాత్రి పదకొండు దాటాక విరిగిన సూదుల పక్కన కూడా టైము నిజాయితీగానే రాసి ఉండేది. ఆడిటర్ దాన్ని తిప్పి చూసి, ముక్కలన్నీ సరిపోయాయని టిక్కు పెట్టాడు.

ఆ రెండు మెయిళ్ళకీ అదే రోజు జవాబిచ్చాను. రెండిటికీ ఒకే మాట రాశాను. “నోటెడ్.”